పడిన సర్వర్‌ను వెంటనే లేపకండి

కంప్యూటర్ల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి నన్ను అడిగేది ఎక్కువగా ఒకటే: ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్ ఉంటే పని దొరుకుతుంది అని. ఆ విషయంలో నా సలహా పనికిరాదు. నేను రైల్వే ఇంజిన్ల షెడ్డులో ఎలక్ట్రికల్ ఫిట్టర్‌గా చేరినవాణ్ణి. షెడ్డుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు, మాన్యువల్ ఓపికగా చదివేవాడు ఎవడా అని చూసి నన్ను ఆ గదిలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ప్రమోషన్లు కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. వాటి గురించి రాయను.

రాయదలచింది మాటిమాటికీ పడిపోయే సర్వర్ గురించి. ఉద్యోగం చివరి ఏడాదిలో అలాంటిదొకటి మా మెడకు చుట్టుకుంది. ఏ షెడ్డో చెప్పను, పేర్లు మార్చాను. బిలాస్‌పూర్ చుట్టుపక్కల ఇంజిన్లకు మరమ్మతు చేసే చోట్లకు కొదవ లేదు, ఏదైనా అనుకోండి.

చేతులు వెనక్కి

నా మొదటి ఫోర్‌మన్ సన్యాసయ్యగారు. మా తాతలాగే ఆయన తండ్రీ శ్రీకాకుళం వైపు నుంచి బొగ్గు ఇంజిన్ల కాలంలో వచ్చి బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్ పేటలో స్థిరపడ్డాడు. చెడిపోయిన ఇంజిను షెడ్డులోకి రాగానే మేమంతా స్పానర్లు పట్టుకుని దాని మీద పడేవాళ్ళం. ఆయన అందర్నీ ఆపి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఇంజిను చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగి వచ్చేవారు. తరవాత మమ్మల్నీ అలాగే తిరగమనేవారు.

"సేతులు ముందుకుంటే కళ్ళు పన్జెయ్యవురా. ఎనక్కి కట్టు," అనేవారు.

ఆయన చెప్పినవన్నీ నిజమని కాదు. కోపమొస్తే చాయ్ గ్లాసు విసిరేవారు. కంప్యూటర్ అనేది నాలుగు రోజుల ముచ్చట అని చివరిదాకా నమ్మారు. కానీ ఈ ఒక్క అలవాటు ఆవిరి ఇంజిను నుంచి సర్వర్ దాకా పనికొచ్చింది. మిగతా ఫోర్‌మన్లు నేర్పిన చాలా సంగతులు ఇంజిన్లతో పాటే తుక్కులోకి పోయాయి.

ముందు బండి కదలాలి

మా సర్వర్ చేసే పని చిన్నదేమీ కాదు. ఏ ఇంజినుకు ఏ తనిఖీ ఎప్పుడు జరిగింది, ఏ భాగం మార్చారు, మళ్ళీ ఎప్పుడు చూడాలి అన్నదంతా దానిలో ఉంటుంది. అది చీటీ ఇస్తేనే ఇంజిను షెడ్డు గేటు దాటుతుంది. అసలు సర్వర్ ఎప్పుడో మరమ్మతుకు వెళ్ళింది. దాని చోట తాత్కాలికంగా అని ఒక మామూలు కంప్యూటర్‌ను, కాస్త పెద్ద డబ్బా ఉన్నదాన్ని, పెట్టారు. మన ఆఫీసుల్లో తాత్కాలికంగా వచ్చినదాని ఆయుష్షు ఎంతో మీకు త్వరలోనే తెలుస్తుంది.

దసరా వెళ్ళాక ఆ డబ్బా పడిపోవడం మొదలుపెట్టింది. పనిచేస్తూ పనిచేస్తూ ఉన్నట్టుండి తెర నీలంగా మారేది. తెల్లటి అక్షరాల్లో ఏదో కోడ్, కింద ఒక శాతం అంకె నెమ్మదిగా పెరుగుతూ కనిపించేది. వారంలో ఒకసారి పడేది కాస్తా రెండు మూడుసార్లు పడసాగింది.

ఇక్కడ ఒకటి అర్థం చేసుకోండి. నీలం తెర పడటమంటే యంత్రం చచ్చిపోవడం కాదు. తాను దాచిన అంకె ఒకటి, తిరిగి తీస్తే వచ్చిన అంకె ఇంకొకటి. ఇలాంటిది చూసినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా ముందుకెళ్తే ప్రమాదమని తానే ఎమర్జెన్సీ బ్రేక్ వేసుకుంటుంది. వేశాక, ఆ క్షణంలో మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసిపెడుతుంది. దాన్నే డంప్ అంటారు. పెరిగే శాతం అంకె అదే. మా డబ్బాకు ఆ రాత పూర్తి కావాలంటే, మనిషి క్యాంటీన్‌కు వెళ్ళి చాయ్ తాగి తిరిగి వచ్చేంత సేపు పట్టేది.

మా గదిలో ఎవరికీ అంత ఓపిక లేదు. ఆపరేటర్ అప్పలస్వామి షెడ్డులో సన్యాసయ్యగారి కింద బరువు పని చేసి నడుం పట్టేశాక ఈ గదికి వచ్చినవాడు. తెర నీలంగా మారిన మరుక్షణం పవర్ బటన్ వేలితో నొక్కి పట్టేసి, మళ్ళీ వేసేవాడు.

"ఏటయింది?" అని నేను అడిగేసరికి,

"ఏటీ అవనేదు అన్నయ్యా. పడింది, లెగ్గొట్టీసినాను. సూడు, సీటీ వచ్చేసింది కూడాను," అని చీటీ ఊపి చూపించేవాడు.

అతన్ని తప్పు పట్టలేం. రైల్వే మనిషి నెత్తురులో ఉన్న పాఠం అది. బండి నిలబడితే ముందు కదిలించు, కారణం తరవాత. లైను మీద ఆ పాఠం సరైనదే, వెనక ఇంకో బండి వస్తూ ఉంటుంది. సర్వర్ గదిలో మాత్రం అది సాక్ష్యాన్ని తుడిచేస్తుంది.

హేమ పేరు

హేమ మా గదిలో ప్రోగ్రామర్. ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద వచ్చింది. తార్‌బహార్‌లో మా వీధి పిల్లే, వాళ్ళ తాత గూడ్సు గార్డుగా చేశాడు. చిన్నప్పటి నుంచి నన్ను మావయ్యా అనేది. ఆఫీసులో మాత్రం సర్ అనేది.

దసరా సెలవుల తరవాత ఆమె తయారుచేసిన కొత్త వెర్షన్ సర్వర్‌లో వేశాం. ఆ వారంలోనే నీలం తెర మొదలైంది. నా డైరీలోనూ అదే క్రమంలో ఉంది: ఒక రోజు కొత్త వెర్షన్, రెండు రోజులకు మొదటి పతనం. డైరీ ఏది ముందో ఏది వెనకో చెబుతుంది. ఎందుకో చెప్పదు. ఇన్నేళ్ళుగా రాస్తున్నాను కాబట్టి దాని మీద నాకు భ్రమలు లేవు.

మా ఆఫీసరు మిశ్రాగారికి ఆ క్రమం చాలు. ఇంజిను చెడినా, క్రేను చెడినా, కంప్యూటర్ చెడినా మా దగ్గర ఒకటే ఫారం. దానిలో కారణానికి ఒక గడి, బాధ్యులకు ఒక గడి. కారణం గడి ఖాళీగా ఉన్నా పైవాళ్ళు కొన్నాళ్ళు ఊరుకుంటారు. బాధ్యుల గడి ఖాళీగా ఉంటే ఊరుకోరు.

"రావ్‌జీ, ఇది ఆ అమ్మాయి సాఫ్ట్‌వేర్ తప్పే," అన్నారు మిశ్రాగారు. ఈ ఊళ్ళో హిందీవాళ్ళకు తెలుగువాడు ఎవడైనా రావ్‌జీయే. "ముందు లేని జబ్బు అది వేశాకే వచ్చింది. సోమవారం పైకి రిపోర్టు పంపాలి. ఆమె పేరు రాస్తాను. ఏజెన్సీ ఇంకొకర్ని పంపుతుంది."

"పేరు రాశాక ఆమెను ఇంకెక్కడా తీసుకోరు సార్," అన్నాను.

"మరి కారణం మీరు చెప్పండి."

నా దగ్గర కారణం లేదు. సోమవారంలోగా దొరక్కపోతే, ఉన్నది హేమ పేరొక్కటే.

గదికి వచ్చి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. కుర్చీలోంచి లేవకుండా విన్నది.

"సచ్ బోలూఁ మావయ్యా," అంది. ఆఫీసులో ఆ పిలుపు అదే మొదటిసారి. "నా కోడ్‌లో తప్పు ఉందేమో నాకే డౌట్‌గా ఉంది. మూడుసార్లు చూసుకున్నా. కుఛ్ నహీ మిలా. దొరికితే నేనే రాసిచ్చి వెళ్ళిపోయేదాన్ని."

"డంపులు చూశావా?"

"డంప్ ఫోల్డర్ ఖాళీ. ఏక్ భీ నహీ."

అప్పుడు అప్పలస్వామి వేలు గుర్తొచ్చింది.

కర్గీ రోడ్‌లో నిలబడిన బండి

ఆ రోజే నియమం పెట్టాను. తెర నీలంగా మారితే ఎవరూ ముట్టుకోకూడదు, శాతం నూరు అయ్యేదాకా. అప్పలస్వామి కుర్చీని బటన్‌కు చెయ్యి అందనంత దూరం జరిపాను.

"నన్నేటి దొంగని సేసీసినావేటన్నయ్యా?" అన్నాడు.

"దొంగవి కాదు. పోలీసు వచ్చేలోగా ఇల్లు ఊడ్చేసే మంచివాడివి."

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ పడింది. సరిగ్గా అప్పుడే బళ్ళు నడిపించే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోను. కర్గీ రోడ్ స్టేషన్‌లో ఒక గూడ్సు ఇంజిను చెడి లైను మీద నిలబడింది, మీ దగ్గర సిద్ధంగా ఉన్న ఇంజిను వెంటనే పంపండి అని. ఇంజిను గేటు దగ్గరే ఉంది. చీటీ లేదు. తెర మీద శాతం ఇంకా పదికి చేరలేదు.

మిశ్రాగారు గదిలోకి వచ్చేశారు. వెనకే షెడ్డు సగం వచ్చింది.

"ఆపి వెయ్యండి," అన్నారు.

"సార్, ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదటికి వస్తాం. చేతిరాత చీటీకి నియమాల్లో వీలుంది, మీ సంతకంతో. తనిఖీ కాగితాలు ఫోర్‌మన్ బల్ల మీద ఉన్నాయి, చూసి రాయడమే."

"సర్వర్ బాగానే లేస్తుందని తెలిసి చేత్తో ఎందుకు రాశారని అడిగితే?"

"పడిపోయి ఉందని చెప్పండి. అబద్ధం కాదు కదా."

ఆయన ఒకసారి తెరవైపు, ఒకసారి ఫోనువైపు చూశారు. అప్పలస్వామి కాళ్ళు కుర్చీ కింద ఆడుతున్నాయి. నేను చేతులు వెనక్కి కట్టుకుని తెర ముందు నిలబడ్డాను. హేమ తన కుర్చీలోనే ఉండిపోయింది, ముందుకొస్తే తన కోసం అడుగుతున్నట్టు ఉంటుందని కాబోలు.

మిశ్రాగారు ఫోర్‌మన్ బల్ల దగ్గరికి నడిచారు. కాగితాలు ఒక్కొక్కటీ చదివి, చీటీ తన చేత్తో రాసి సంతకం పెట్టారు. ఇంజిను వెళ్ళింది. ఇకముందు చెప్పబోయేది విని ఆయన్ని తిట్టబోయే కుర్రవాళ్ళకు నేను ఇది గుర్తు చేస్తుంటాను. సంతకం పెట్టే ఆఫీసరు దొరకడం అదృష్టం. నేను పనిచేసిన వాళ్ళలో సగం మంది ఆ సమయంలో క్యాంటీన్‌కు వెళ్ళిపోయేవారు.

మాకు మొదటి డంప్ దొరికింది.

రోజుకో రోగం

ఆ వారం పడటం ఇంకా ఎక్కువైంది, శనివారంలోగా ఇంకో మూడు డంపులు దొరికాయి. హేమ వాటిని విప్పి చదివింది. మొదటిది డిస్కు నడిపే ప్రోగ్రాం దగ్గర ఆగింది. రెండోది నెట్‌వర్క్ దగ్గర. ఇంకొకటి ఆపరేటింగ్ సిస్టమ్ కడుపులోనే. ఒకటి మాత్రం హేమ రాసిన కోడ్ పనిచేస్తుండగా.

ఆ ఒక్కటి చూసి ఆమె ముఖం వాడిపోయింది. "చూశారా, నాదీ ఉంది."

"నీదీ ఉంది. నీదొక్కటే కాదు," అన్నాను. "ఒకే వీధిలో ఇంటింటికీ ఒక్కో రకంగా నీళ్ళు చెడ్డాయనుకో. ఏ ఇల్లాలిని తిడతావు?"

"నీళ్ళ టంకీ చూడాలి," అంది.

ఈ పాఠం రాసిపెట్టుకోండి. పడ్డ ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే చోటు కనిపిస్తే ఆ ప్రోగ్రాంను అనుమానించండి. ప్రతిసారీ కోడ్ మారితే, చోటు మారితే, వాటన్నిటికీ కింద ఉన్నదేదో చూడండి. ముందు మెమరీ, తరవాత కరెంటు, ఆ తరవాత వేడి. ముందే డంపులు ఉండి ఉంటే మొదటి వారంలోనే ఇది మాకు తెలిసేది. లేకపోబట్టి ఒకరు వైరస్ అన్నారు, ఒకరు ఎర్తింగ్ అన్నారు, నేను కొన్నాళ్ళు కరెంటు హెచ్చుతగ్గుల వెంట పడ్డాను. యు.పి.ఎస్. కూడా మార్పించాను. కొత్త యు.పి.ఎస్. మీద కూడా అంతే చక్కగా పడింది.

తెలిసిన వాసన

ఆదివారం పొద్దున షెడ్డులో పని తక్కువ. మిశ్రాగారి అనుమతితో సర్వర్ ఆపి, మెమరీని పరీక్షించే ప్రోగ్రాం నడిపాం. అది ప్రతి గడిలో ఒక అంకె రాసి, తిరిగి చదివి, సరిపోయిందా అని చూస్తుంది. సగం దాకా బాగానే నడిచి, తరవాత ఎర్రటి వరసలు రావడం మొదలైంది.

హేమ లేచి నిలబడింది.

మెమరీ పలకలను ఒక స్లాటులోంచి ఇంకో స్లాటులోకి మార్చి చూశాం. పలక మారినా తప్పు కదల్లేదు. అదే స్లాటులో ఏ పలక పెట్టినా ఎర్ర వరసలే. పలక బయటికి తీసి వెలుతురులో పట్టుకున్నాను. బంగారు రంగు కాళ్ళ మీద సన్నటి గోధుమరంగు పొర, దానికి అంటుకున్న ధూళి. వేలితో తాకితే జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఆ వాసన నాకు ఫిట్టర్‌గా చేరిన రోజు నుంచి తెలుసు. పలకను అప్పలస్వామికి ఇచ్చాను. వాడూ వాసన చూశాడు.

"ఇది కంప్రెసర్ ఆయిలు గదన్నయ్యా," అన్నాడు. "కంప్యూటర్లోకి ఎలగొచ్చీసింది?" అని తనే అడిగి, తనే ఆగిపోయాడు. కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు. "ఇసకర్మ పూజ," అన్నాడు.

మా షెడ్లలో విశ్వకర్మ పూజ అంటే బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఆ రోజు ప్రతి యంత్రాన్నీ విప్పి, తుడిచి, షెడ్డు గాలి పైపుతో దుమ్మంతా ఎగరగొట్టి, బొట్టు పెట్టి దండ వేస్తాం. లేతు మిషనుకు చేసినట్టే తూకం కాటాకూ, కాటాకు చేసినట్టే సర్వర్‌కూ. దాన్ని వదిలేస్తే దేవుడి దగ్గర ఒక బిడ్డను పక్కన పెట్టినట్టు. కానీ షెడ్డు గాలి కంప్రెసర్‌లోంచి వస్తుంది. దానిలో నూనె తుంపర ఉంటుంది, వానాకాలం చివర కాబట్టి తేమ కూడా. ఇంజిను మోటారుకు అది లెక్కలేదు. మెమరీ స్లాటుకు విషం.

నా డైరీ తీసి పూజ రోజు చూశాను. ప్రసాదంలో బూందీ బాగుందని ఉంది, వాన పడిందని ఉంది. గాలి కొట్టిన మాట లేదు. అందరూ ఎప్పుడూ చేసే పనిని ఎవడు రాస్తాడు?

మరి సెప్టెంబరులో జరిగిన పూజకు, దసరా వెళ్ళాక వచ్చిన మొదటి పతనానికి మధ్య అన్ని రోజులు ఎందుకు పట్టాయి? హేమే చెప్పింది. పాత వెర్షన్ కొద్ది మెమరీతో సరిపెట్టుకునేది. కొత్తది ఎక్కువ వాడుతుంది, అందుకని ఆ చెడ్డ స్లాటు దాకా వెళ్ళింది. మిశ్రాగారి అనుమానంలో ఒక పావు వంతు నిజం ఉంది. పావు వంతు నిజంతో మనిషి పొట్ట కొట్టడం ఎంత తేలికో చూడండి.

స్లాట్లన్నీ దానికి తగిన ద్రవంతో శుభ్రం చేశాం. చెడ్డ స్లాటును ఖాళీగా వదిలేశాం. పరీక్ష మళ్ళీ నడిపితే ఒక్క ఎర్ర వరసా రాలేదు.

గడిలో పట్టని పేర్లు

సోమవారం పొద్దున ముగ్గురం మిశ్రాగారి గదికి వెళ్ళాం. పలక చూపించాను, చెప్పవలసింది చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు, వాసన కూడా చూశారు. ఫారంలో కారణం గడి నింపారు. పెన్ను పక్క గడిలోకి జరిగింది.

"అయితే హేమ కాదు. అచ్ఛా. గాలి కొట్టింది ఎవరు?"

అప్పలస్వామి చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "నానే సార్. నా సేత్తోనే కొట్టినాను. మంచికే అనుకున్నాను." తరవాత అదే మాట హిందీలో చెప్పాడు.

"పూరా నామ్?"

హేమ నావైపు చూసింది. తన పేరు తప్పిన గడిలో ఇప్పుడు అతని పేరు పడబోతోంది. రిటైర్మెంటుకు అతనికి నాకంటే కొద్ది నెలలే ఎక్కువ ఉన్నాయి. ఆ సమయంలో ఒక మచ్చ పడితే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు.

"రాయండి సార్," అన్నాను. "కానీ పూజలో జరిగిన వరసలో రాయండి. ముందు పైపు పట్టుకున్నవారి పేరు ముందు."

మా ఆచారం ప్రకారం కొబ్బరికాయ కొట్టాక మొదటి గాలి షెడ్డులో పెద్దవారు కొట్టాలి. మెడలో బంతిపూల దండతో, బూటు మీద నీళ్ళు పడకుండా కాలు ఎడంగా పెట్టి, సర్వర్ డబ్బాలోకి మొదటి గాలి కొట్టింది మిశ్రాగారు. తరవాత ఫోర్‌మన్, తరవాత నేను, తరవాత స్టోరు వాళ్ళు. మిగిలింది అప్పలస్వామి పూర్తి చేశాడు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆయనకు గుర్తొచ్చిందని తెలిసింది. పెన్ను కాగితం మీద ఆగింది.

"రావ్‌జీ," అన్నారు చివరికి, "గడి చిన్నది. ఇన్ని పేర్లు పట్టవు."

గడికి అడ్డంగా ఒక గీత కొట్టారు. కింద ఖాళీ జాగాలో రాశారు: ఇకపై కంప్యూటర్ల దగ్గరికి షెడ్డు గాలి పైపు తీసుకుపోరాదు. పైనుంచి ఆ గీత గురించి ఒకసారి అడిగారట. ఏం జవాబిచ్చారో నాకు చెప్పలేదు.

నేను చెప్పేది ఇంతే. తప్పు దొరకక ముందే మనిషి దొరికితే వెతకడం ఆగిపోతుంది. సర్వర్ పడటానికి కారణం వెతికేవాడు పేరు అడిగేవాళ్ళను కాసేపు ఆపగలగాలి. అది ఏ కోర్సులోనూ చెప్పరు.

మళ్ళీ పూజకు

రిటైరయ్యాక వచ్చిన విశ్వకర్మ పూజకు నన్ను పిలిచారు. అప్పలస్వామి అప్పటికే ఇంటి దగ్గర మనవరాలిని స్కూటర్ మీద తిప్పుతున్నాడు, వాడూ వచ్చాడు. మిశ్రాగారికి బదిలీ అయింది. కొత్త ఆఫీసరు కుర్రవాడు, ఉత్సాహవంతుడు. కొబ్బరికాయ కొట్టి, దండతో, చేతిలో గాలి పైపుతో కంప్యూటర్ గదివైపు వచ్చాడు. వెనక షెడ్డు మొత్తం వచ్చింది.

గది గుమ్మంలో హేమ నిలబడి ఉంది.

"సర్, బొట్టు తలుపుకే. గాలి లోపలికి రాదు."

"ఒక్కసారే కదా, పూజ కోసం."

"నహీ సర్."

ఎవరో వెనక నవ్వారు. ఆఫీసరు పైపుతో ఒక అడుగు ముందుకు వేశాడు. హేమ కదల్లేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని అలాగే నిలబడింది. సన్యాసయ్యగారి పేరు కూడా ఆ పిల్లకు తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. గదిలో నన్ను చూసి నేర్చుకుని ఉంటుంది.

"ఏటన్నయ్యా, ముసలాయన మళ్ళీ పుట్టీసినాడేటి?" అన్నాడు అప్పలస్వామి నా చెవిలో.

ఆఫీసరు పైపు వెనక్కి ఇచ్చేశాడు. తలుపు మీద బొట్టు పెట్టాడు. లోపల సర్వర్ నడుస్తూనే ఉంది.